సునాముఖికి తెల్లారేదాకా ఆలస్యమెందుకు?

గుంటూరు నుంచి ఒక పాఠకుడు ఉత్తరం రాశారు: ‘ఆముదం తాగితే రెండు మూడు గంటల్లో కడుపు కదులుతుంది. సునాముఖి చూర్ణం మాత్రం రాత్రి వేసుకుంటే తెల్లారిగానీ పనిచేయదు. ఎందుకండీ?’ ఆ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి నా ధ్యాస మరో పని మీదికి పోలేదు.

ఆముదం సంగతి తేలిక. నూనెను అరిగించే లైపేజ్ ఎంజైమ్ చిన్నపేగులోనే దాన్ని విడగొట్టి రిసినోలిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. ఆ ఆమ్లం పేగు కండరాన్ని కదిలిస్తుంది. అంతే.

సునాముఖిని మనవాళ్లు నేలతంగేడు అని కూడా అంటారు. బతుకమ్మలో పేర్చే తంగేడుకు దగ్గరి చుట్టం, రెండూ సెన్నా ప్రజాతివే. ఈ ఆకులోని సెన్నోసైడ్లను 1941లో స్విట్జర్లాండ్‌లో ఆర్థర్ స్టోల్ వేరుచేశాడు. రెండు ఆంత్రోన్ ముక్కలు జంటగా అతుక్కుని ఉంటాయి, ఒక్కోదానికి ఒక్కో గ్లూకోజ్ తగిలి ఉంటుంది. ఆ చక్కెర ముడిని విప్పడం మన జీర్ణరసాల వల్ల కాదు. అణువు పెద్దది కాబట్టి పేగు గోడ దాటి రక్తంలోకీ పోలేదు. చేసేది లేక, చిన్నపేగు పొడుగునా చెక్కుచెదరకుండా ప్రయాణించి పెద్దపేగు చేరుతుంది. అక్కడ కాచుకుని ఉంటాయి మన బాక్టీరియాలు! అవి ముందు చక్కెరను తెంచుకుంటాయి, తర్వాత జంటను విడదీస్తాయి. అప్పుడు పుడుతుంది అసలు మందు, రెయిన్ ఆంత్రోన్. అంటే మనం మింగింది మందు కాదు, మందుకు ముడిసరుకు. దాన్ని వండేది సూక్ష్మజీవులు. ఈ ప్రయాణానికీ వంటకీ కలిపి 6 నుంచి 12 గంటలు పడుతుంది.

ఇది చాలాకాలం ఎవరికీ తట్టలేదు. మందు చిన్నపేగులోనే రక్తంలో కలిసి, ఊరంతా తిరిగి పెద్దపేగుకు చేరుతుందని పాతతరం పరిశోధకులు నమ్మారు. కడుపులో ఒక్క బాక్టీరియా కూడా లేకుండా పెంచిన ఎలుకలు ఆ నమ్మకాన్ని కూలదోశాయి. వాటికి సెన్నోసైడ్ ఇస్తే విరేచనమే కాలేదు!

రెయిన్ ఆంత్రోన్ చేసే పని ఇంకా ముచ్చటైనది. పెద్దపేగు గోడలోని మాక్రోఫేజ్ కణాలను అది రెచ్చగొడుతుంది. అవి ప్రోస్టాగ్లాండిన్ వదులుతాయి. దాంతో పేగు లోపలి పొరలో నీటిని పీల్చే ఆక్వాపోరిన్-3 అనే గొట్టాలు తగ్గిపోతాయి. నీరు మలంలోనే నిలిచిపోతుంది. కండరం కదలిక కూడా పెరుగుతుంది.

ఇలాంటి ఆకులు ఏళ్ల తరబడి వాడినవారి పెద్దపేగు లోపల నల్లబడుతుంది. 19వ శతాబ్దంలో జర్మన్ పండితుడు విర్కో దీనికి ‘మెలనోసిస్’ అని పేరు పెట్టాడు. అది మెలనిన్ కానే కాదు. చనిపోయిన కణాలను మాక్రోఫేజ్‌లు మింగగా మిగిలిన లిపోఫసిన్. మందు మానేస్తే కొన్ని నెలల్లో నలుపు పోతుంది, తప్పుడు పేరు మాత్రం వైద్య పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది.

ఇక ఉపయోగం మాట. మలబద్ధకానికి కొద్దిరోజులు వాడితే మంచి మందే. నాకు ఒళ్లు మండేది సునాముఖి కలిపిన ‘సన్నబడే టీ’లను చూసినప్పుడు. తిన్న అన్నంలోని శక్తి చిన్నపేగులోనే ఒంటికి పట్టేసింది. సునాముఖి పని మొదలయ్యేది ఆ తర్వాత, పెద్దపేగులో. కాబట్టి ఆ టీ తాగినవారు పోగొట్టుకునేది కొవ్వు కాదు, నీరూ పొటాషియమూ.