మ్యాపులో లేని మాల్గుడికి స్టేషన్ ఎలా వచ్చింది?

'స్వాతికిరణం' (1992) చూసినవాళ్ళెవరూ గంగాధరాన్ని అంత తేలిగ్గా మర్చిపోలేరు. మమ్ముట్టి అంతటి నటుడి ఎదుట బెదురు లేకుండా నిలబడ్డ ఆ కుర్రాడు మాస్టర్ మంజునాథ్. గొంతు వాణీ జయరాం గారిదే కావచ్చు, ఆ కళ్ళు మాత్రం అచ్చంగా వాడివే! అయితే ఆ కళ్ళను మనవాళ్ళు అంతకు ఐదారేళ్ళ ముందే దూరదర్శన్‌లో చూశారన్న సంగతి ఎంతమందికి గుర్తుంది? 'మాల్గుడి డేస్'లో స్వామి వాడేనండీ.

ఈమధ్య ఆ సీరియల్‌ను మొదటినుంచీ వరసగా మళ్ళీ చూశాను. మొత్తం 39 భాగాలు. వాటిలో మొదటి 13 భాగాలు హిందీలోనే కాదు, ఇంగ్లీషులో కూడా తయారయ్యాయి! కథ ఎప్పుడో తెలిసిపోయింది కాబట్టి ఈసారి కళ్ళు కథమీద కాకుండా గోడలమీద, ఇంటికప్పులమీద, చెట్లమీద పడ్డాయి. అక్కడే దొరికింది దొంగ!

ఏమిటంటారా? శ్రీ ఆర్.కె. నారాయణ్ పుస్తకాల్లో మాల్గుడి పక్కన సరయూ నది ఉంటుంది, ఇసుకతిన్నెలుంటాయి, సాయంత్రం కాగానే జనం అక్కడికి షికారుకొస్తారు. చదువుతుంటే ఎండ కాసే మైదానపు ఊరే మనసులో మెదులుతుంది. తెరమీద చూస్తే ఏటవాలు పెంకుటిళ్ళు, ఎటు చూసినా పచ్చదనం! ఇది వానల ఊరు. అసలుపేరు ఆగుంబె. కర్ణాటకలో శివమొగ్గ జిల్లా, పడమటి కనుమల్లో ఉంది. ఏడాదికి 7000 మిల్లీమీటర్లకు పైగా వాన కురిసే చోటు. దక్షిణాది చిరపుంజి అని దానికి ముద్దుపేరు.

నిజానికి మాల్గుడి ఏ మ్యాపులోనూ లేదు. 1930లో విజయదశమి నాడు బెంగుళూరులో నారాయణ్ గారు రాయడానికి కూచుంటే ముందుగా మనసులోకి వచ్చింది ఒక రైల్వే స్టేషన్. దాని పేరే మాల్గుడి. ఊరికంటే ముందు స్టేషన్ పుట్టిందన్నమాట! ఆ రాత 1935లో 'స్వామి అండ్ ఫ్రెండ్స్' నవలగా అచ్చయింది.

లేని ఊరే కదా, ఎక్కడ తీస్తేనేం అనుకునేరు! దానిమీద పెద్ద గొడవే జరిగింది. 'గైడ్' (1965) తీసేటప్పుడు సినిమావాళ్ళు నారాయణ్ గారిని వెంటబెట్టుకుని మైసూరు చుట్టుపక్కల ఆయన ఊహించిన చోట్లన్నీ చూశారు. చూసి, తలలూపి, చివరికి ఉదయపూర్, జైపూర్ వెళ్ళి రంగుల్లో తీసుకొచ్చారు. ఇదేమిటయ్యా అంటే, మాల్గుడి ఎక్కడుండాలో మేం చెబుతాం అన్న ధోరణి! ఆయనకు ఒళ్ళుమండి ఒక వ్యాసమే రాసేశారు. దానికి ఆయన పెట్టిన పేరు 'మిస్‌గైడెడ్ గైడ్'. వహీదా రెహమాన్ నాట్యానికీ, బర్మన్ పాటలకూ నేనూ దాసుణ్ణే. అయినా ఈ తగాదాలో నా ఓటు ముసలాయనకే.

అలా ఒకసారి చేతులు కాల్చుకున్న రచయిత కథల్ని 1980లలో మళ్ళీ చేతికి తీసుకున్నది ఎవరనుకున్నారు? 'ఆటోరాజా' (1980)గా బెంగుళూరు ఆటోడ్రైవర్ల గుండెల్లో కూచున్న కన్నడ హీరో శంకర్ నాగ్! అప్పటికి ముప్ఫై దాటి ఒకటి రెండేళ్ళు. ఆయన రాజస్థాన్ వెళ్ళలేదు, సెట్టు కోసం మద్రాసూ రాలేదు. ఆగుంబెనే కళాదర్శకుడు జాన్ దేవరాజ్ చేతిలో పెట్టి మాల్గుడిగా మార్పించాడు. మరి స్టేషనో? శివమొగ్గ - తాళగుప్ప రైలుదారిలో అరసాళు అనే చిన్న స్టేషన్ ఉంది. దానికి మాల్గుడి అని బోర్డు పెట్టేశారు. నారాయణ్ గారికి 1930లో తోచిన స్టేషన్‌కు నిజం రైలుపట్టాలు దొరికాయి!

నటుల సంగతి ఇంకా సరదా. స్వామి తండ్రిగా కళ్ళెర్రజేసే పెద్దమనిషి గిరీశ్ కర్నాడ్. జంధ్యాల గారి 'ఆనందభైరవి' నాట్యాచార్యుడంటే మనవాళ్ళు ఠక్కున గుర్తుపడతారు. 1978లో 'ఒందానొందు కాలదల్లి' అనే కన్నడ చిత్రంతో శంకర్‌ను హీరోగా పరిచయం చేసిన దర్శకుడు ఈయనే. ఆ వేషానికి శంకర్‌కు అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి కూడా వచ్చింది. ఇప్పుడేమో ఆ శిష్యుడు 'యాక్షన్' అంటుంటే గురువుగారు కెమెరా ముందు నిలబడ్డారు! మిఠాయి కొట్టు జగన్‌గా వేసిన అనంత్ నాగ్ శంకర్‌కు స్వయానా అన్న. వాణిశ్రీతో శ్యామ్ బెనెగల్ 'అనుగ్రహం' (1978) చిత్రంలో నటించిన అనంత్ నాగే ఈయన. అన్నట్టు, టైటిల్స్‌లో వచ్చే బొమ్మలు వేసిన ఆర్.కె. లక్ష్మణ్ నారాయణ్ గారి తమ్ముడు. కథలు అన్నవీ, గీతలు తమ్ముడివీ! ఇక ఆ కూనిరాగం, అదే, ఒకసారి వింటే నాలుగురోజులు వదలనిది, ఎల్. వైద్యనాథన్ బాణీ. ఆయన వయొలిన్ విద్వాంసుడు ఎల్. సుబ్రహ్మణ్యం గారికి అన్నగారు.

ఇంకో చిట్కా చెబుతాను, మీరే పరీక్షించుకోండి. ఒక కథలో కనబడ్డ మొహాన్ని గుర్తుపెట్టుకుని తర్వాతి కథలు చూడండి. అదే మనిషి ఇంకో వేషంలో ప్రత్యక్షమవుతాడు. పొదుపు కోసమే అన్నా నాకు అభ్యంతరం లేదు. చిన్న ఊళ్ళో ఎటు తిరిగినా ఆ నాలుగు మొహాలేగా ఎదురయ్యేది!

శంకర్ నాగ్ ఎంతోకాలం బతకలేదు. 1990 సెప్టెంబరు 30న షూటింగ్‌కు వెళ్తూ దావణగెరె దగ్గర కారు ప్రమాదంలో పోయాడు. వయసు 35. మన గంగాధరం కూడా పెద్దయ్యాక వేషాలు మానేసి చదువూ ఉద్యోగమూ చూసుకున్నాడు. 2000 దాటాక కవితా లంకేశ్ దర్శకత్వంలో మరో 15 భాగాలు తీశారు గానీ, నా మనసు మాత్రం పాత పెంకుటిళ్ళ దగ్గరే ఆగిపోయింది.

అరసాళు స్టేషన్‌ను మాత్రం రైల్వేవారు వదల్లేదు. శిథిలమైపోతున్న ఆ పాత కట్టడాన్ని బాగుచేయించి 2020లో మాల్గుడి మ్యూజియంగా తెరిచారు. ఆ పని అప్పజెప్పింది కూడా ఎవరికో కాదు, అప్పట్లో ఆగుంబెను మాల్గుడిగా మార్చిన జాన్ దేవరాజ్‌కే. పక్కనే పాత రైలుపెట్టెలో టీ దుకాణం కూడా పెట్టారు.