కొత్త ఇంటికి కాగితపు సింగారం

అమెరికాలో ఇల్లు కొనుక్కున్న మన వాళ్ళందరికీ ఒక అనుభవం ఉమ్మడిగా ఉంటుంది. గృహప్రవేశం రోజున పాలు పొంగించి, వ్రతం చేసుకుని, వచ్చిన వాళ్ళకి పులిహోర, బూరెలు వడ్డించి పంపేదాకా ఇల్లు కళకళలాడిపోతుంది. మర్నాడు పొద్దున్న లేచి చూస్తే ఎటు తిరిగినా బిల్డర్ వేసిన ఒకే ఒక్క లేత గోధుమరంగు! హాల్లో నిలబడి మాట్లాడితే మన గొంతు మనకే తిరిగి వినిపిస్తుంది. అప్పటికే డౌన్ పేమెంటూ, క్లోజింగ్ ఖర్చులూ కలిసి బ్యాంకు ఖాతాని ఊడ్చేసి ఉంటాయి. సోఫాకే వాయిదాలు కట్టుకుంటూ గోడల మీదకి బొమ్మలు ఎక్కడ కొంటాం?

మా సంగతీ అంతే. పద్నాలుగేళ్ళలో న్యూజెర్సీలోని ఎడిసన్, ఆ తర్వాత డాలస్ పక్కన అర్వింగ్, ప్రాజెక్టు ఎటు లాక్కెళితే అటు అపార్ట్‌మెంట్లు మారుతూ వచ్చాం. 2023 వేసవిలో నార్త్ కరోలినాలోని చార్లెట్ శివార్లలో ఇల్లు కొన్నాం. గోడకి మేకు కొడితే డిపాజిట్ పోతుందన్న భయం మొదటిసారి తీరింది. కానీ కొట్టిన మేకుకి తగిలించడానికేమీ లేదు. మా ఆవిడ ఒక నిబంధన పెట్టింది: “ఏడాది పాటు గోడలకి కొన్న వస్తువు పెట్టొద్దు. మనం చేసిందే పెడదాం.” డబ్బు కలిసొస్తుందని నేను వెంటనే ఒప్పుకున్నాను. ఆమె ఆలోచన వేరని తర్వాత తెలిసింది. మా పదమూడేళ్ళ అమ్మాయికి డాలస్ స్నేహితుల్ని వదిలి రావడం బొత్తిగా ఇష్టం లేదు. ఈ ఇంటిని “మీ ఇల్లు” అనేది, “మన ఇల్లు” అని ఒక్కసారీ అనలేదు. భోజనం అవగానే గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేది.

ప్యాకింగ్ కాగితంతో పసుపు బుట్ట

గృహప్రవేశానికి మా అమ్మ తెనాలి నుంచి వచ్చింది. గరాజ్‌లో సామాన్ల పెట్టెలు విప్పుతుంటే పింగాణీకి చుట్టిన తెల్ల కాగితం గుట్టలుగా పడింది. రీసైక్లింగ్ డబ్బాలో వేయబోతుంటే అమ్మ ఆపేసింది. “బంగారం లాంటి కాగితంరా, పారేస్తావేం? బుట్ట చేస్తాను” అంది. మన ఊళ్ళలో ఆడవాళ్ళు పాత కాగితాలు నానబెట్టి, మెంతులు కలిపి రుబ్బి, ఆ గుజ్జుతో బుట్టలు చేయడం, పాత చాటలకి మెత్తడం మీలో చాలామంది చిన్నప్పుడు చూసే ఉంటారు.

పద్ధతి తేలికే. కాగితాన్ని చిన్న ముక్కలుగా చింపి రెండు మూడు రోజులు నీళ్ళలో నానబెట్టాలి. విడిగా గుప్పెడు మెంతులు ఒక రాత్రంతా నానాలి. రోలు లేదు కాబట్టి పాత బ్లెండర్లో, ఎక్కువ నీళ్ళతో, కొంచెం కొంచెంగా తిప్పాం. పల్చటి బట్టలో వేసి పిండి, మెంతి ముద్ద కలిపి చపాతీ పిండిలా చేసుకోవాలి. మెంతుల జిగురు గుజ్జుని పట్టి ఉంచుతుంది. ఆ చేదుకి పురుగు చేరదని అమ్మ మాట. ఒక గిన్నె బోర్లించి, దాని మీద ప్లాస్టిక్ కవరు చుట్టి, గుజ్జుని అర అంగుళం మందాన సమంగా అద్దాలి. ఎండలో నాలుగైదు రోజులు ఆరాక గిన్నె ఊడదీసి, లోపలి వైపు ఇంకో పల్చటి పూత వేయాలి. పూర్తిగా ఆరాక పసుపు రంగు పూసి, అంచున ఎర్రగీత, పక్కల తెల్ల ముగ్గు.

నిగనిగలాడే ప్రకటనల కాగితాలు దీనికి పనికిరావు. వాటి మీది పూత గుజ్జుని సరిగా అతుక్కోనివ్వదు. కోడిగుడ్ల అట్టపెట్టెలు మాత్రం చక్కగా నానతాయి. మా బుట్ట ఇప్పుడు వీధి తలుపు దగ్గర బల్ల మీద కారు తాళాలు మోస్తోంది.

37 చుక్కల గోడ

హాల్లో పెద్ద గోడ మా తొమ్మిదేళ్ళ వాడి వాటాకి వచ్చింది. అమ్మ వాడికి గ్రాఫ్ కాగితం మీద చుక్కల ముగ్గు నేర్పింది. ఏడు చుక్కలు, మధ్య చుక్కలతో నాలుగు వచ్చే వరకు. అంటే వరుసగా 4, 5, 6, 7, 6, 5, 4. మొత్తం 37. కూడి చూసుకుని వాడు తెగ సంబరపడ్డాడు.

దాన్ని కాగితం మీదకి ఇలా తెచ్చాం. స్క్రాప్‌బుక్‌ల కోసం అమ్మే 12 అంగుళాల చదరపు కార్డ్‌స్టాక్‌ని ఇటుకరంగులో తీసుకున్నాం. చుక్కకీ చుక్కకీ మధ్య ఒకటిన్నర అంగుళం, వరుసకీ వరుసకీ మధ్య సుమారు 1.3 అంగుళాలు. తెల్ల కాగితాన్ని హోల్ పంచ్‌తో కొడితే రాలే గుండ్రటి ముక్కలే చుక్కలు! గీతలకి క్విల్లింగ్ కోసం అమ్మే సన్నటి కాగితపు పట్టీలు. పట్టీని అంచు మీద నిలబెట్టి, చుక్క చుట్టూ వంపు తిప్పుతూ జిగురుతో అతికించాలి. దీపం వెలుగు పక్కనుంచి పడితే పట్టీ నీడ కూడా గీతలా కనిపిస్తుంది.

ఇలాంటివి తొమ్మిది చేసి మూడు వరుసల్లో పెట్టాం. తొమ్మిదింటికీ చుక్కలు అవే 37, ముగ్గులు మాత్రం దేనికదే. మా ఆఫీసు భాషలో దీన్ని గ్రిడ్ అంటాం, సిమెట్రీ అంటాం. అమ్మకి ఆ పేర్లతో పనిలేదు. ఆరు మూలల ముగ్గులో ఒక మూల గీస్తే మిగతా ఐదూ వాటంతట అవే వస్తాయని తేలిగ్గా చెప్పేసింది.

ఒక్క కత్తిరింపుతో నక్షత్రం

పిల్లల పుట్టినరోజులకీ, దీపావళికీ కిటికీలకి కట్టుకోవడానికి ఇది బాగుంటుంది. కంచం బోర్లించి గుండ్రం గీసి, కత్తిరించి, సగానికి మడవండి. కోణమానినితో 36, 72, 108, 144 డిగ్రీల దగ్గర గుర్తులు పెట్టి, ఆ గీతల మీదుగా విసనకర్రలా ముందుకీ వెనక్కీ మడవండి. పది పొరల త్రికోణం వస్తుంది. మొన నుంచి ఒక అంచు మీద 4 అంగుళాలు, రెండో అంచు మీద ఒకటిన్నర అంగుళం కొలిచి, ఆ రెండు గుర్తుల్నీ కలుపుతూ ఒక్కసారి కత్తిరించండి. విప్పితే అయిదు కొనల నక్షత్రం!

దీని వెనక గట్టి గణితమే ఉంది. సరళరేఖలతో గీసిన ఏ ఆకారాన్నైనా సరిగ్గా మడిస్తే ఒకే ఒక్క కత్తిరింపుతో తీయవచ్చని 1998లో ఎరిక్ డిమేన్, మార్టిన్ డిమేన్, ఆనా లుబివ్ నిరూపించారు. అలాగే జపాన్ శాస్త్రజ్ఞుడు కోర్యో మియురా కనిపెట్టిన మడతతో 1995లో ఒక ఉపగ్రహపు సౌరఫలకాన్ని చుట్టి పంపి అంతరిక్షంలో విప్పారు. కాగితం మడవడం చంటిపిల్లల ఆట అనుకునే పెద్ద పిల్లలకి ఈ రెండు సంగతులూ చెప్పి చూడండి.

మూసిన తలుపు వెనక కొంగలు

ఇవన్నీ జరుగుతుంటే మా అమ్మాయి దూరంగానే ఉండేది. మేము బలవంతం చేయలేదు. ఒకరోజు నానమ్మ తలుపు తట్టి, “తల్లీ, నా కళ్ళకి ఈ చుక్కలు ఆనడం లేదు, కాస్త కూర్చోవూ” అంది. అమ్మ కళ్ళు బాగానే ఉన్నాయి! పిల్ల వచ్చి గంటసేపు మాట్లాడకుండా పట్టీలు అతికించింది. వెళ్ళేటప్పుడు మిగిలిన రంగు కాగితాలు తీసుకెళ్ళింది.

డాలస్ వదిలే ముందు తన స్నేహితులు ఆరంగుళాల రంగు కాగితాల మీద తలా నాలుగు మాటలు రాసి ఇచ్చారు. అవి ఒక అట్టపెట్టెలో టేపు కూడా తీయకుండా ఉండిపోయాయి. స్కూల్లో హిరోషిమా బాలిక సడాకో ససాకి గురించి చదువుకుంది. అణుబాంబు రేడియేషన్ వల్ల లుకేమియా వచ్చి, ఆసుపత్రిలో కాగితపు కొంగలు మడుస్తూ 1955లో పన్నెండేళ్ళకే కన్నుమూసిన పిల్ల. ఆ కొంగ మడత మా అమ్మాయికి వచ్చు. తీసుకెళ్ళిన కాగితాల మీద చెయ్యి తిప్పుకుని, తర్వాత పెట్టె తెరిచి, స్నేహితుల 23 కాగితాలనీ, రాత లోపలికి వెళ్ళేలా, 23 కొంగలు చేసింది. కుట్టుపని చెక్క రింగుకి దారాలతో కట్టి కిటికీ దగ్గర వేలాడదీసింది.

“రాసింది కనపడటం లేదు కదమ్మా?” అన్నాను.

“నాకు తెలుసుగా నాన్నా” అంది.

ఆ వారమే డాలస్ స్నేహితురాలితో వీడియోలో మాట్లాడుతూ “మై రూమ్” అని చూపించడం వంటింట్లోంచి విన్నాం. మా ఆవిడ నా వైపు చూసి ఊరుకుంది. నేనూ ఏమీ అనలేదు. బెంగ ఒక్కరోజులో పోయేది కాదు. ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తుంటుంది. కానీ ఆ తలుపు ఇప్పుడు సగం తెరిచే ఉంటుంది.

చేసేవాళ్ళకి నాలుగు సూచనలు

మామూలు ప్రింటర్ కాగితం 20 పౌండ్లు, అంటే 75 జి.ఎస్.ఎం. మడతలకి అది సరిపోతుంది. గోడ మీద నిలవాలంటే 65 పౌండ్ల కార్డ్‌స్టాక్, సుమారు 176 జి.ఎస్.ఎం., తీసుకోండి. న్యూస్‌పేపర్లో ఉండే లిగ్నిన్ వెలుతురుకి పసుపు పచ్చబడుతుంది కాబట్టి పదికాలాలు ఉంచుకోవాలనుకున్నవి యాసిడ్-ఫ్రీ అని రాసి ఉన్న కాగితంతో చేయండి. పిల్లల కన్‌స్ట్రక్షన్ పేపర్ ఎండకి త్వరగా వెలిసిపోతుంది. స్నానాల గది పక్కన, పొయ్యి దగ్గర కాగితం పెట్టొద్దు. కాగితపు లాంతర్లలో కొవ్వొత్తులు వద్దు, బ్యాటరీ ఎల్.ఇ.డి. దీపాలే పెట్టండి. గుమ్మానికి కాగితపు మామిడాకుల తోరణం కట్టేవాళ్ళు ఆకు నడుమ మడత ఇచ్చి, ఈనెలు వేలిగోరుతో నొక్కితే అచ్చం ఆకులాగే నిలబడుతుంది.

ఇంకొక్క మాట. ఏది చేసినా దాని వెనక చేసినవాళ్ళ పేరు, తేదీ, ఊరు పెన్సిలుతో రాయించండి. మా అమ్మ ఆ డిసెంబరులో తెనాలి వెళ్ళిపోయేముందు బుట్ట అడుగున తెలుగులో సంతకం పెట్టింది. మా వాడు ఆ అక్షరాలు కూడబలుక్కుని చదివాడు.

ఇక్కడ అంగుళం మంచు పడితే స్కూళ్ళు మూసేస్తారు. ఈ చలికాలం అలాంటి రోజొకటి వచ్చినప్పుడు టీవీ కట్టేసి, బల్ల మీద రంగు కాగితాలు, కత్తెర, జిగురు పెట్టి కూర్చోండి. మీ ఊళ్ళో మీ అమ్మగారికి ఫోన్ చేసి ఒక ముగ్గు అడగండి. చెప్పడానికి వాళ్ళకీ బోలెడు ఉంటుంది!