చెరిగిన టేపు, దాచిన నివేదిక: నారాయణఖేడ్ 1948

1948 సెప్టెంబరు సైనిక చర్య నాటికి నారాయణఖేడ్ బీదరు జిల్లాలోని తాలూకా. మెదక్‌లో చేరింది 1956లో. కనుక ఆనాటి ఖేడ్‌ను బీదరు దస్త్రాల్లోనే వెతకాలి. హైదరాబాద్ సంస్థానంలో 27 వేల నుంచి 40 వేల మంది మరణించారని అంచనా వేసిన సుందర్‌లాల్ కమిటీ, తీవ్రంగా నష్టపోయిన నాలుగు జిల్లాల్లో బీదరును చేర్చింది. ప్రభుత్వం ఆ నివేదికను దశాబ్దాలపాటు వెలువరించలేదు. దీన్ని తొక్కిపెట్టడమనే అనాలి.

దూరదర్శన్ తొలినాటి కార్యక్రమాల సంగతి వేరు. ఖరీదైన టేపులను చెరిపి తిరిగి వాడుకోవడం అప్పటి రివాజు. కాబట్టి 1948 ప్రస్తావన గల ఎపిసోడ్ దొరకనంత మాత్రాన సెన్సారు చేశారనలేము. స్క్రిప్టో, ప్రసార పట్టికో, కోత ఉత్తర్వో చూపాలి. విభజన హింసను చిత్రించిన ‘తమస్’ ప్రసారాన్ని ఆపాలన్న వ్యాజ్యాన్ని 1988లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. అక్కడ అభ్యంతరమూ జవాబూ రెండూ తీర్పులో నమోదై ఉన్నాయి.