కందిగింజ చాటు చంద్రుడు

కారంచేడు దగ్గర కొమ్మమూరు కాలువ కట్టెక్కి తూర్పుకు చూస్తే చేలే చేలు. పున్నమినాడు పొద్దు గుంకే వేళ ఆ చేల మీదుగా ఎర్రగా లేచే చంద్రుడు బండి చక్రమంత ఉంటాడు. అర్ధరాత్రి నడినెత్తిన చూస్తే వాడేనా వీడు అనిపిస్తుంది.

ఒక కందిగింజను వేళ్ల మధ్య పట్టి, చెయ్యి బాగా చాచి, ఒక కన్ను మూసి చంద్రుడికి అడ్డు పెట్టండి. సాయంత్రం ఎంత కప్పిందో అర్ధరాత్రీ దాదాపు అంతే కప్పుతుంది. చంద్రుడి వెడల్పు మన కంటికి ఎప్పుడూ సుమారు అర డిగ్రీయే. లెక్కకు ఉదయించేటప్పుడే ఓ పిసరు చిన్న! భూమి తిరిగే కొద్దీ మనం అతని వైపు 6,000 కిలోమీటర్లకు పైగా జరుగుతాం. సగటు దూరం 3,84,400 కిలోమీటర్లు గనుక తేడా రెండు శాతం లోపే.

గాలి భూతద్దంలా పెంచుతుందని చాలామంది అంటారు. ఎరుపు గాలి పనే, కాదనలేం. పరిమాణం విషయంలో మాత్రం అది చేసేది తలకిందులు: కాంతిని వంచి చంద్రుణ్ణి నిలువునా కాస్త నొక్కుతుంది.

పెంచేది మెదడు. ఆకాశం మనకు అణిగిన కప్పులా తోస్తుంది. నెత్తిమీద దగ్గర, అంచున దూరం. కంటిలో పడిన బొమ్మ అంతే ఉండి, వస్తువు దూరాన ఉందనుకుంటే అది పెద్దదై ఉండాలని మెదడు లెక్క కడుతుంది. 11వ శతాబ్దపు అరబ్బు పండితుడు ఇబ్న్ అల్ హైతమ్ ఈ దారిలోనే ఆలోచించాడు. 1962లో అమెరికాలో లాయిడ్ కాఫ్‌మన్, ఇర్విన్ రాక్ అద్దాలతో ఆకాశంలో ఉత్తుత్తి చంద్రుల్ని చూపించి పరీక్షించారు. మధ్యనున్న నేల కనబడకుండా చేస్తే ఆ పెద్దదనం చాలావరకు పోయింది. చీరాల వాడరేవులో చెట్టూ ఇల్లూ లేకున్నా చంద్రుడు పెద్దగానే లేస్తాడు. అక్కడ నేల బదులు అంచుదాకా పరుచుకున్న నీళ్లు ఆ దూరాన్ని చూపుతాయి.

ఇంత చక్కని వివరణలోనూ ఒక పేచీ ఉంది. దిగంతాన ఉన్న చంద్రుడు దూరంగా ఉన్నాడా, దగ్గరగానా అని అడిగితే చాలామంది దగ్గరగానే అంటారు! పెద్దగా కనబడ్డాక, పెద్దది కాబట్టి దగ్గరే అని మనసు రెండోసారి తీర్పు చెబుతోందని కొందరి సమాధానం. నాకది కొంత సర్దుబాటులా తోస్తుంది. పరిశోధకులూ దీనిమీద ఏకాభిప్రాయానికి రాలేదు.

ఫోనుకు ఈ గొడవలేవీ లేవు. కట్టమీంచి తీసిన ఫొటోలో అంత చంద్రుడూ ఓ చుక్కే. గోపురం వెనక కొండంత చంద్రుణ్ణి చూపే ఫొటోలు గోపురానికి కిలోమీటర్ల దూరాన నిలబడి పెద్ద లెన్సుతో తీసినవి. దూరం పెరిగే కొద్దీ చిన్నబోయేది గోపురమే.