క్రిస్మస్ ద్వీపపు ఎర్ర పీత

వరి రైతుకు ఎండ్రకాయ అనగానే బొరియలు పడిన గట్టు గుర్తుకు వస్తుంది. హిందూ మహాసముద్రంలో జావాకు దక్షిణంగా సుమారు 350 కిలోమీటర్ల దూరాన ఉన్న ఆస్ట్రేలియా భూభాగమైన క్రిస్మస్ ద్వీపంలో మాత్రం అడవి నేల స్వరూపాన్ని నిర్ణయించేది పీతయే.

గెకార్కోయిడియా నటాలిస్ అనే ఈ ఎర్ర పీత డిప్ప 11 సెంటీమీటర్లకు పైగా వెడల్పు పెరుగుతుంది. నేలపై జీవించినా మొప్పలతోనే శ్వాసిస్తుంది. అవి ఆరిపోతే ప్రాణాపాయం కనుక, వానలు లేని కాలంలో బొరియలో చేరి, ద్వారాన్ని ఆకులతో మూసుకొని తేమను కాపాడుకుంటుంది. రాలిన ఆకులు, పండ్లు, లేత మొలకలు దీని ఆహారం. ఇవి దండిగా ఉన్నచోట అడవి నేల ఊడ్చినట్లు కనబడుతుంది.

తొలివానలకు, సాధారణంగా అక్టోబరు, నవంబరు మాసాలలో, కోట్లాది పీతలు తీరానికి బయలుదేరతాయి. మగవి ముందుగా చేరి బొరియలు త్రవ్వుతాయి. జతకూడిన పిదప అవి తిరుగుముఖం పట్టగా, ఆడవి దాదాపు రెండు వారాలు గుడ్లను పొదువుకొని, కృష్ణపక్షపు ఉత్తరార్ధంలో, తెల్లవారుజామున, పోటు తగ్గనారంభించే వేళ కడలిలో విడుస్తాయి. ఒక్కొక్క పీత లక్ష గుడ్ల వరకు పెడుతుంది. అధికభాగం చేపల పాలే. నెల తరువాత తీరం చేరే పిల్లలు 5 మిల్లీమీటర్లు మాత్రమే ఉంటాయి. కొన్ని సంవత్సరాలలో దాదాపు ఏదీ తిరిగి రాదు.

ఈ పీతలకు అసలు ముప్పు చీమ నుండి వచ్చింది. గత శతాబ్దపు తొలి దశాబ్దాలలో బయటి నుండి చేరిన పసుపు క్రేజీ చీమ చాలాకాలం అణగి ఉండి, 1990వ దశకంలో మహాసమూహాలుగా విజృంభించింది. అది చిమ్మే ఫార్మిక్ ఆమ్లానికి కోటికి పైగా పీతలు మరణించాయని అంచనా. పీతలు పోయినచోట ఆకుల తుక్కు పేరుకొన్నది, మొలకలు గుబురుగా లేచాయి, ఆఫ్రికా రాక్షస నత్త ప్రవేశించింది.

చీమల బలమంతా చెట్లపైనున్న లక్క జాతి పొలుసు పురుగు విసర్జించే తేనెబంక. పిండినల్లి సోకిన తోటలలో చీమల బారులను చూచిన మన రైతుకు ఈ పొత్తు కొత్తది కాదు. హెలికాప్టర్లతో ఫిప్రోనిల్ ఎరలు చల్లారు. చీమలు తగ్గి, మరల పెరిగాయి; తేనెబంక అలాగే ఉండగా ఇందులో ఆశ్చర్యమేమున్నది? పైగా ఫిప్రోనిల్ పీతలకూ విషమే. చివరకు 2016 డిసెంబరులో, మలేషియా నుండి తెచ్చిన రెండు మిల్లీమీటర్ల పరాన్నజీవి కందిరీగను, ఇతర కీటకాలకు హాని చేయదని ముందుగా పరీక్షించి విడుదల చేశారు. ఇది చీమ జోలికి పోదు, మనిషిని కుట్టదు. పొలుసు పురుగులోనే గుడ్లు పెట్టి దానిని చంపుతుంది.