నీరు గీసిన రొయ్య, కత్తి విరిచిన రాయి

చినగంజాం వైపు రొయ్యల చెరువుల దగ్గర పనిచేసే మనిషి చేతిలో చైనా చిత్రకారుడు చీ బైషీ గీసిన రొయ్యల బొమ్మ ఒకటి పెట్టి చూడండి. మీసాలు ఎటు వంగాయి, తలమీది ముల్లు ఎలా ఉంది, కాళ్లు ఆడుతున్నాయా లేదా, ముందు ఇవే చూస్తాడు. బొమ్మలో ఎక్కడా నీళ్లు గీయలేదన్న సంగతి ఆలస్యంగా గానీ తట్టదు. గట్టు లేదు, అల లేదు, నీలిరంగు లేదు. తెల్ల కాగితం మీద నల్ల సిరా, అంతే. అయినా రొయ్యలు ఈదుతూనే ఉంటాయి. వాటి ఒంట్లోంచి అవతలి పక్క కనిపిస్తున్నట్టే ఉంటుంది.

చైనా సిరా బొమ్మల్లోని ఈ కనికట్టు చేతివాటం వల్లే వచ్చిందని అనుకుంటాం. చెయ్యి నిజమే, కాకపోతే సగం పని మసి, జిగురు, నీరు, పీచు కలిసి చేస్తాయి. వాటి స్వభావం తెలుసుకుని, అవి నడిచే దారిలో వాటిని నడవనివ్వడమే చిత్రకారుడి విద్య.

చీ బైషీ 1864లో హునాన్ రాష్ట్రంలోని షియాంగ్‌టాన్ దగ్గర పేద రైతు ఇంట పుట్టాడు. వడ్రంగం నేర్చుకుని చెక్క మీద నగిషీలు చెక్కాడు. బొమ్మలు, ముద్రలు తర్వాత పట్టుబడ్డ విద్యలు. 1957లో బీజింగ్‌లో కన్నుమూసేనాటికి దేశమంతా ఎరిగిన చిత్రకారుడు. మన పర్చూరు వైపులాగే హునాన్ కూడా కారానికి పేరుపడ్డ సీమే. క్యాబేజీ పక్కన ఎర్ర మిరపకాయలు పెట్టి ఆయన గీసిన బొమ్మలున్నాయి. రొయ్యలూ మిరపకాయలూ రెండూ గీసిన మనిషితో పర్చూరు ప్రాంతానికి కాస్త చనువు ఉందనుకోవచ్చు.

ముందు సిరా సంగతి. అది వట్టి మసి. దేవదారు జాతి కట్టెలను, లేదా తుంగ్ అనే గింజల నూనెను సరిగ్గా గాలి అందకుండా మండించి, పైన పట్టిన మసిని గీకి తీస్తారు. తోలు నుంచి కాచిన జిగురుతో కలిపి దంచి, అచ్చుల్లో నొక్కి నెలల తరబడి నీడన ఆరబెడతారు. గట్టి కడ్డీ తయారవుతుంది. గీసేముందు ఆ కడ్డీని నున్నని రాతి పలక మీద నీళ్లు చుక్క చుక్కగా వేస్తూ అరగదీస్తారు. ఆరో శతాబ్దంలో జియా సిషియె రాసిన 'చీమిన్ యావ్‌షూ' అనే వ్యవసాయ గ్రంథంలోనే ఈ తయారీ ఉంది. విత్తనాలు, పశువులు, పచ్చళ్లు చెప్పిన పుస్తకంలో సిరా కూడా ఇంట చేసుకునే వస్తువుగా చోటు చేసుకుంది.

మసి రేణువు చాలా చిన్నది, మిల్లీమీటరులో లక్షో వంతు నుంచి పదివేలో వంతు దాకా. ఇంత సన్నని రేణువులు నీళ్లలో వేస్తే ఒకదాన్నొకటి పట్టుకుని ఉండలు కట్టి అడుక్కి దిగిపోతాయి. మసి పట్టిన గిన్నె కడిగినప్పుడు చూసేదే ఇది. జిగురు అణువులు ప్రతి రేణువు చుట్టూ పొరలా చుట్టుకుని వాటిని ఎడంగా ఉంచుతాయి. అందుకే అరగదీసిన సిరా నీళ్లలో తేలియాడుతూ సమంగా నిలుస్తుంది. రాత్రంతా ఉంచితే జిగురు పట్టు తగ్గి రేణువులు మళ్లీ గుంపులు కడతాయి. పాత సిరాతో గీసిన గీత చుట్టూ మురికి అంచు వస్తుంది. మామూలు చిత్రకారుడు దాన్ని పారబోస్తాడు, కొందరు గడుసువాళ్లు ఆ అంచు కోసమే పాత సిరా దాచుకుంటారు.

నూనె మసి సన్నగా ఉంటుంది, నిగనిగలాడే నలుపు ఇస్తుంది. కట్టె మసి కాస్త ముతక, పలచగా పూస్తే నీలం ఛాయ తేలుతుంది. ఒకే నలుపులో ఇన్ని ఛాయలున్నాయని తెలిసినవాడు రంగుల కోసం వెంపర్లాడడు.

మసి ఇంత కాలం నిలవడానికి కారణం తేలిక. అది కార్బన్. మామూలు ఎండా గాలీ తేమా దాన్ని మార్చలేవు. తాటాకు గ్రంథాలు రాసిన మనవాళ్లకూ ఇది తెలుసు. ఘంటంతో ఆకు మీద గీకి, ఆ గాట్లలో మసి పులిమి, పైపైన తుడిచేసేవారు. మసి గాట్లలో ఉండిపోయేది. వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయంలో పాత పత్రికలు తిరగేసిన వాళ్లకు ఇంకో సంగతి తెలుసు. కాగితం పసుపెక్కి, ముట్టుకుంటే పొడిపొడి అవుతుంది, అక్షరం మాత్రం నల్లగానే ఉంటుంది. అచ్చు సిరా కూడా కార్బనే మరి. చచ్చింది కాగితం, దానిలోని ఆమ్లం వల్ల. పెడన కలంకారీ నలుపు మాత్రం వేరే జాతి. ఇనుపముక్కలు, బెల్లం నీళ్లలో పులియబెట్టిన ద్రావణం, బట్టకు ముందే పట్టించిన కరక్కాయ రసంతో కలిసి అక్కడికక్కడ నలుపుగా పుడుతుంది. అది బట్టతో రసాయనికంగా ముడిపడుతుంది. మసికి అలాంటి బంధం లేదు, పీచుల మధ్య ఇరుక్కుని జిగురుతో అతుక్కుంటుంది, అంతే.

కనుక అసలు కథ కాగితంలో ఉంది. చైనా చిత్రకారులు వాడే షువాన్ కాగితం అన్హుయ్ రాష్ట్రం జింగ్ ప్రాంతంలో తయారవుతుంది. ఒక జాతి చెట్టు బెరడు పీచు, వరిగడ్డి దాని ముడిసరుకులు. సున్నంలో నానబెట్టి, కొండవాలుల మీద నెలల తరబడి ఎండకూ వానకూ ఆరవేసి తెల్లబరుస్తారు. ఆమ్లం మిగలదు కాబట్టి శతాబ్దాలు నిలుస్తుంది.

ఈ కాగితం రెండు రకాలు. పచ్చిది నీళ్లు తాగేస్తుంది. పటిక, జిగురు పట్టించింది తాగదు. పత్తి పండించే ఊళ్లలో దీన్ని వివరించడం సులువు. చేలో తీసిన పత్తిని నీళ్ల మీద వేస్తే తేలుతుంది, మందుల షాపు దూది వేస్తే వెంటనే మునుగుతుంది. రెండూ ఒకే సెల్యులోజ్. తేడా అల్లా పీచు మీది సన్నని మైనపు పొర. దాన్ని ఉడికించి తీసేశాక దూది నీళ్లు పీల్చుకుంటుంది. పచ్చి షువాన్ మైనం తీసిన దూది లాంటిది, పటిక పట్టినది చేలోని పత్తి లాంటిది. సన్నని గీతలతో పూల రేకులు గీయాలంటే పటిక కాగితం కావాలి. చీ బైషీ రొయ్యలకు పచ్చి కాగితమే.

పచ్చి కాగితం మీద కుంచె ఆనగానే పీచుల సందులు నీటిని లాక్కుంటాయి. నీరు ముందు పరుగెడుతుంది, మసి రేణువులు పీచుల్లో తట్టుకుంటూ వెనకబడతాయి. అలా గీత చుట్టూ ఒక లేత అంచు ఏర్పడుతుంది. అక్కడ మసి దాదాపు లేదు, కానీ నీటితో వచ్చిన కాస్త జిగురు ఉంది. ఇప్పుడు పక్కనే రెండో గీత గీస్తే, దాని సిరా ఈ జిగురు అంచు దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. రెండింటి మధ్య సన్నని తెల్లటి సందు మిగులుతుంది. మరో వింత, రెండో గీత మొదటిదాని మీదుగా వెళ్లినా చూసేవాళ్లకు మొదటిదే పైన ఉన్నట్టు కనిపిస్తుంది. దాని చోటు అప్పటికే నిండిపోయింది కదా.

రొయ్య ఒంటి కణుపులు ఇలాగే పుడతాయి. ఒక్కో కణుపుకు లేత సిరాతో ఒక్కో కుంచె తాటు. కణుపుల మధ్య గీత ఎవరూ గీయరు, నీరు గీస్తుంది. తల భాగం తడిగా ఉండగానే అందులో చిక్కటి సిరా ఒక గీత వేస్తే అది లోలోపలే కొంచెం పాకి ఆగుతుంది. పెంకు అడుగున ఏదో నల్లగా కనిపిస్తున్నట్టు కన్ను మోసపోతుంది. గాజులాంటి ఆ ఒళ్లు ఇలా వచ్చిందే. మీసాలు, కాళ్లు చివర్లో, తడి తక్కువున్న కుంచెతో. చీ బైషీ రొయ్యలను గిన్నెలో పెంచుకుని గమనించేవాడు. గీయడానికి పట్టే సమయం తక్కువ, చూడటానికి పట్టినది దశాబ్దాలు. ఆరిన సిరాను తడిపినా చెరగదు కనుక దిద్దుబాటు ఉండదు. తప్పిన బొమ్మను పక్కన పడేయడమే.

తూర్పు గాలి మన వైపూ వీచింది. మోటుపల్లి వీరభద్రాలయంలో గణపతిదేవ చక్రవర్తి 1244-45 నాటి అభయ శాసనంలో సుంకాలు కట్టాల్సిన సరుకుల పట్టిక ఉంది. చీనా కర్పూరం, పట్టు అందులో ఉన్నాయి, కాగితం గానీ సిరా గానీ కనిపించవు. ఇరవయ్యో శతాబ్దంలో ఇంకోసారి వీచింది. 1903లో జపాన్ చిత్రకారులు తైకాన్, హిషిదా కలకత్తా వచ్చారు. వాళ్ల తడి పూతల పద్ధతి చూసి అవనీంద్రనాథ్ ఠాగూర్ తన 'వాష్' పద్ధతి అల్లుకున్నాడు. దాన్ని ప్రమోద్ కుమార్ చటోపాధ్యాయ బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలకు తెచ్చాడు. అడివి బాపిరాజు ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. అయితే ఆ వాష్ గట్టి కాగితం మీద నీటిరంగులు పూసి, ఆరాక నీళ్లలో ముంచి, మళ్లీ పూసే ఓపిక పని. తూర్పు నుంచి మృదుత్వం వచ్చింది, నీళ్లు తాగే కాగితం రాలేదు. అందుకే మన వాష్ బొమ్మల్లో మంచు తెర ఉంటుంది గానీ, ఒక్క తాటుతో తేల్చేసే తెగువ ఉండదు. ఇది నా అభిప్రాయం, కాదనేవాళ్లు ఉండొచ్చు.

బొమ్మ పూర్తయ్యాక చివర ఎర్ర ముద్ర పడుతుంది. ముద్రలు మనకూ కొత్త కాదు. వేంగి చాళుక్యుల రాగి శాసనాల రేకులను ఒక కడియంతో గుచ్చి, కడియం అతుకు మీద వరాహం, అంకుశం, 'శ్రీ త్రిభువనాంకుశ' అన్న బిరుదుతో ముద్ర వేసేవారు. అది అధికారానికి గుర్తు. దాన్ని ఏ కంసాలి మలిచాడో ఎవరికీ పట్టలేదు. చైనాలోనూ మొదట ఇంతే, ముద్రలు కంచులోనో పచ్చరాతిలోనో పనివాళ్లు చేసేవారు. పద్నాలుగో శతాబ్దంలో వాంగ్ మియెన్ అనే చిత్రకారుడు మెత్తటి రాతి మీద తన ముద్ర తానే చెక్కుకున్నాడని చెబుతారు. పదహారో శతాబ్దంలో వెన్ పెంగ్ దాన్ని పండితుల విద్యగా నిలబెట్టాడు. రాయి మెత్తనిది దొరకడంతో కత్తి పనివాడి చేతి నుంచి కవి చేతికి మారింది.

ఎంత మెత్తన? రాళ్ల గట్టిదనాన్ని ఒకటి నుంచి పది దాకా లెక్కిస్తారు. మన గోరు సుమారు రెండున్నర, ఉక్కు కత్తి అయిదున్నర. చింగ్‌థియెన్, షౌషాన్ ముద్ర రాళ్లు గోరుకు అటూ ఇటూగా ఉంటాయి. అల్యూమినియం సిలికేట్ పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే రాయి అది. పొరల మధ్య పట్టు బలహీనం కాబట్టి కత్తికి లొంగుతుంది, రేణువులు మరీ సన్నం కాబట్టి పెళ్లలుగా రాలదు. మన భట్టిప్రోలు స్తూపంలో ధాతువుల భరిణెలతో పాటు అక్షరాలు చెక్కిన ఆరు పలకల స్ఫటికం దొరికింది. స్ఫటికం గట్టిదనం ఏడు, ఉక్కు కత్తి దానిమీద జారిపోతుంది. రెండు వేల ఏళ్ల కిందట ఆ పని చేసినవాడి నేర్పు వేరే లోకం. కానీ అంత గట్టి రాతి మీద చెయ్యి ఊపు కనబడదు, కత్తి ఎలా నడిచిందో తెలియదు. మెత్తటి రాయి అన్నీ చెప్పేస్తుంది.

చీ బైషీ ముద్రలు చూస్తే ఇది అర్థమవుతుంది. మిగతావాళ్లు ఒక్కో గీతకు రెండు వైపులా కత్తి నడిపి అంచులు నున్నగా చేస్తే, ఆయన ఒకే వైపు నుంచి ఒకే పోటుతో తోసేవాడు. కత్తి ఆనుకున్న అంచు కోసినట్టు తిన్నగా వస్తుంది. రెండో అంచును కత్తి తాకదు, అక్కడ రాయి తనకు తానే విరుగుతుంది, పళ్లు పళ్లుగా. వడ్రంగి ఉలి పట్టిన చెయ్యి కనుకే అంత తెగింపు. మొదట్లో ఒక స్నేహితుడిని ముద్రలు చెక్కడం ఎలాగని అడిగితే, కావిడెడు రాళ్లు ఇంటికి మోసుకెళ్లు, చెక్కు, అరగదియ్యి, మళ్లీ చెక్కు, మూడు నాలుగు మిఠాయి పెట్టెలు రాతి బురదతో నిండితే వచ్చేస్తుందన్నాడట. ఆయన అదే చేశానని ఆత్మకథలో చెప్పుకున్నాడు. తర్వాత తనను తాను మూడొందల రాతి ముద్రల ధనవంతుణ్ణని పిలుచుకున్నాడు.

ముద్ర రంగు పర్చూరు కిరాణా కొట్టుకు దగ్గరి సరుకే. ఇంగిలీకం, ఆముదం, ఓ జాతి మాచిపత్రి ఆకుల మీది నూగు, ఈ మూడూ కలిపిన ముద్ద. ఇంగిలీకం అంటే పాదరసం, గంధకం కలిసిన ఖనిజం. నీలం, పచ్చ కాంతిని మింగి ఎరుపును మాత్రం వెనక్కి పంపుతుంది. నీళ్లకన్నా ఎనిమిది రెట్లు బరువు కాబట్టి ముద్దలో అడుక్కి దిగుతుంది, అప్పుడప్పుడు కలియబెట్టాలి. ఆముదమే ఎందుకంటే అది ఆరదు. అవిసెనూనె గాలి తగిలితే పొరకట్టి గట్టిపడుతుంది, దాని అణువుల్లో గాలిలోని ఆక్సిజన్‌తో ముడిపడే జోడు బంధాలు ఎక్కువ. ఆముదంలోని ఒక్కో కొవ్వు ఆమ్లం గొలుసులో ముఖ్యంగా ఒకటే. అందుకే పెట్టెలో ముద్ద ఏళ్ల తరబడి మెత్తగా ఉంటుంది, కాగితం మీదికి వెళ్లాక మాత్రం నూనెను పీచు పీల్చుకుని ఎరుపు పైన నిలుస్తుంది.

ముద్రలు చెక్కేవాళ్ల షీలింగ్ సంఘం 1904లో హాంగ్‌జౌలో మొదలైంది, ఇప్పటికీ నడుస్తోంది. ముద్రల విద్యనూ షువాన్ కాగితం తయారీనీ 2009లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది.

చేసి చూడాలనుకునే పిల్లలకూ మాస్టార్లకూ రెండు మాటలు. దీపం మసిలో కాస్త బంక కలిపి నూరితే పని నడిచే సిరా వస్తుంది. షువాన్ దొరక్కపోతే బడి ప్రయోగశాలలోని ఫిల్టర్ పేపర్ వాడండి. దానికి జిగురు పట్టించరు కాబట్టి నీళ్లు పరుగెత్తడం, మసి వెనకబడటం కళ్లారా కనిపిస్తాయి. రాతికి బలపపు రాయి చాలు, అక్షరాన్ని అద్దంలో కనిపించేలా తిప్పి రాసుకుని చెక్కాలి. రంగుకు స్టాంపు ప్యాడ్ ఎర్ర సిరా వాడండి. ఇంగిలీకం జోలికి మాత్రం పోవద్దు, దాన్ని వేడి చేస్తే పాదరసం ఆవిరి వస్తుంది. రాయిని తడిపి చెక్కండి, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.