బరువు పక్కన నిలబడే మనిషి

పరవాడ ఫార్మాసిటీలో ఏ కంపెనీలోనైనా బాయిలర్ నడపాలంటే పరీక్ష పాసై సర్టిఫికెట్ తెచ్చుకున్న మనిషి దగ్గరుండాలి. "పదేళ్లుగా ఇదే పని చేస్తున్నానండీ" అంటే ఇన్‌స్పెక్టరు ఊరుకోడు, కాగితం చూపించమంటాడు. 1923లో బాయిలర్ల చట్టం వచ్చిన కాలం నుంచీ మన పరిశ్రమల్లో ఈ పట్టింపు పెరుగుతూ వచ్చింది. ఆ పక్కనే సింహాద్రి ఎన్టీపీసీ, విశాఖ వైపు వస్తే గంగవరం పోర్టు, స్టీల్ ప్లాంటు. క్రేన్ తిప్పేవాడి దగ్గర్నుంచి వెల్డింగు చేసేవాడి దాకా ఏం నేర్చుకున్నావని అడిగాకే పని అప్పజెబుతారు. అలాంటి చోట పగటి షిఫ్టు దిగిన కుర్రాడు సాయంత్రం జిమ్‌కి వెళ్లి ఎనభై కిలోల బార్ భుజాన వేసుకుంటాడు. పక్కన నిలబడి "ఇంకొక్కటి తమ్ముడూ, ఇంకొక్కటి" అంటున్న ట్రైనర్‌ని మాత్రం ఎవరూ ఏమీ అడగరు. జిమ్ తెరవడానికి ట్రేడ్ లైసెన్సు కావాలి గానీ, అందులో కసరత్తు నేర్పడానికి లైసెన్సు అక్కర్లేదు. జాతీయ నైపుణ్యాభివృద్ధి సంస్థ గొడుగు కింద క్రీడలు, వ్యాయామ విద్య, ఫిట్‌నెస్ రంగాలకు ఒక కౌన్సిల్ ఉంది, ఫిట్‌నెస్ ట్రైనర్‌కి ఏమేం తెలిసి ఉండాలో అది రాసి పెట్టింది కూడా. ఇష్టమున్నవాళ్లు ఆ కౌన్సిల్ కోర్సు చేస్తారు, లేనివాళ్లు కండలు చూపించి ఉద్యోగంలో చేరతారు. ఇదేదో మన దగ్గరి వెనకబాటుతనం అనుకోకండి. అమెరికాలోనూ పర్సనల్ ట్రైనర్‌కి ఏ రాష్ట్రమూ లైసెన్సు అడగదు. అక్కడ సర్టిఫికెట్లు ఇచ్చేవన్నీ ప్రైవేటు సంస్థలే.

ట్రైనర్ చదువుకీ, క్లయింటుకి తగిలే దెబ్బకీ నిజంగా సంబంధం ఉందా అన్నది ముందు తేల్చుకోవాలి. 1990 నుంచి 2007 దాకా అమెరికా ఆసుపత్రుల ఎమర్జెన్సీ విభాగాలకు బరువుల కసరత్తు వల్ల వచ్చిన గాయాలను లెక్కగట్టిన ఒక అధ్యయనం 2010లో వచ్చింది. మొత్తం తొమ్మిది లక్షల డెబ్భై వేల పైచిలుకు గాయాలని దాని అంచనా. వాటిలో నూటికి అరవై అయిదు బరువు మీద పడటం వల్లే జరిగాయి. బెంచ్ మీద వెల్లకిలా పడుకున్నవాడి చేతులు సగంలో వణికాయి, తల దగ్గర ఎవరూ లేరు, బార్ ఛాతీ మీదికి దిగిపోయింది. లేదా డంబెల్ చేయి జారి పాదం మీద పడింది. ఇంతటి మామూలు ప్రమాదాన్ని ఆపడానికి శరీరశాస్త్రంలో డిగ్రీ అక్కర్లేదు, పక్కన ఒక మనిషి నిలబడితే చాలు. కాబట్టి అర్హతలో మొదటి మెట్టు హాజరు. ముప్పై మందికి ఒకే ఫ్లోర్ ట్రైనర్ ఉండి, అతనూ ఫోన్ చూసుకుంటూ ఉంటే, గోడకి ఎన్ని సర్టిఫికెట్లు వేలాడినా ఈ లెక్క మారదు. అయితే ఎమర్జెన్సీకి వచ్చేవి పైకి కనిపించే దెబ్బలే. నెలల తరబడి తప్పుడు పద్ధతిలో ఎత్తి ఎత్తి అరిగిన భుజం, వంగి వంగి పట్టేసిన నడుము ఆ పట్టికల్లోకి ఎక్కవు. వాటిని ఆపడానికే చదువు కావాలి.

చదువు ఎక్కువ పనికొస్తుందా, అనుభవమా అన్న ప్రశ్నకు 2002లో అచ్చయిన ఒక అమెరికన్ అధ్యయనం కాస్త ఇబ్బందికరమైన జవాబు చెప్పింది. 115 మంది ట్రైనర్లకు పోషణ, ఆరోగ్య పరీక్ష, వ్యాయామ పద్ధతి వగైరా విషయాల మీద పరీక్ష పెట్టారు. వ్యాయామశాస్త్రంలో డిగ్రీ ఉన్నవాళ్లకూ, రెండు పేరున్న సంస్థల సర్టిఫికెట్లు ఉన్నవాళ్లకూ మంచి మార్కులు వచ్చాయి. ఎన్నేళ్లుగా పని చేస్తున్నారన్నదానికీ మార్కులకూ మాత్రం సంబంధం కనబడలేదు. ఇది జ్ఞానాన్ని కొలిచిన పరీక్షే తప్ప గాయాలను లెక్కపెట్టింది కాదన్నది నిజం. కానీ అనుభవం ఎందుకు పాఠం చెప్పలేకపోయిందో ఆలోచిస్తే జిమ్‌ల అసలు జబ్బు బయటపడుతుంది. వడ్రంగి వంకరగా చెక్కితే తలుపు పట్టదు, తప్పు మర్నాడే ఎదురొచ్చి నిలబడుతుంది. ట్రైనర్ తప్పు అలా తిరిగి రాదు. నడుం పట్టేసినవాడు జిమ్‌కి వచ్చి పోట్లాడడు, ఊరికే రావడం మానేస్తాడు. అతని గైర్హాజరీని ట్రైనర్ బద్ధకం ఖాతాలో రాసుకుంటాడు. పది మంది దెబ్బ తిని మానేసినా, మిగిలిన అయిదుగురి కండలు చూసి తన పద్ధతి గొప్పదనే అనుకుంటాడు. ఇలా పదేళ్లు గడిస్తే ఒకే ఏడాదిని పదిసార్లు బతికినట్టే.

చదువు ఉన్న కన్ను ఏం చూస్తుందో డెడ్‌లిఫ్ట్ దగ్గర తెలుస్తుంది. నేల మీది బార్‌ని పైకి లాగే ఈ కసరత్తులో బార్ మోకాలి కింది ఎముకను రాసుకుంటూ లేవాలి. ఆరోసారి ఎత్తే సరికి అలసట మొదలై బార్ నాలుగు వేళ్లు ముందుకు జరుగుతుంది. బరువు పెరగలేదు గానీ, నడుము మీద పడే లాగుడు పెరిగింది. తొడలు చేయాల్సిన పనిని వెన్ను తన మీద వేసుకోవడంతో నడుము విల్లులా వంగుతుంది. మామూలు కంటికి అక్కడ కనిపించేది కష్టపడుతున్న మగాడు. నేర్చిన కంటికి ఆపాల్సిన క్షణం కనిపిస్తుంది. 2024 అక్టోబరులో నటి రకుల్ ప్రీత్ సింగ్ 80 కిలోల డెడ్‌లిఫ్ట్ చేసి నడుము దెబ్బతిని రోజుల తరబడి మంచాన ఉండాల్సి వచ్చింది. శరీరం ఇచ్చిన హెచ్చరికను లెక్కచేయకుండా ముందుకు పోవడం తన పొరపాటేనని ఆమే చెప్పారు. ఏళ్ల తరబడి జిమ్‌లో ఉన్న మనిషికే అలా జరిగిందంటే, ఆర్నెల్ల కుర్రాడు తన సంకేతాలు తానే చదువుకుంటాడనుకోవడం అత్యాశ. క్రాస్‌ఫిట్ అనే తీవ్రమైన కసరత్తు చేసే 386 మందిని ప్రశ్నించి 2014లో ప్రచురించిన సర్వేలో నూటికి పందొమ్మిది మంది ఏదో ఒక గాయం చెప్పారు. శిక్షకుడు దగ్గరుండి సరిదిద్దే చోట గాయాలు తక్కువగా తేలాయి. ఎవరికి వారు చెప్పుకున్న సమాధానాలే అయినా, గాలి ఎటు వీస్తోందో చూపించడానికి అవి సరిపోతాయి.

మన వైపు వాళ్లు వెంటనే అనే మాట ఒకటుంది: వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తికి ఏ సర్టిఫికెట్ ఉందండీ, పాతకాలపు వ్యాయామశాలలైన తాలింఖానాల్లో గురువులు ఏ పరీక్ష రాశారండీ అని. విశాఖ బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం చూసినవాళ్లెవరికైనా ఈ మాట సబబుగానే తోస్తుంది. కానీ ఆ కలియుగ భీముడు మద్రాసు దగ్గరి సైదాపేటకు వెళ్లి ఏడాది పాటు వ్యాయామ శిక్షణ పొంది, తిరిగొచ్చి విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేశాడన్న సంగతి చాలామంది మరిచిపోతారు. ఏనుగును ఛాతీ మీద మోసిన మనిషి కూడా ఇతరులకు నేర్పే ముందు తాను బడికి వెళ్లాడు. తాలింఖానాల సంగతికొస్తే, అక్కడ కాగితం లేదు గానీ శిష్యరికం ఉంది. చిన్నప్పుడు చేరిన పిల్లవాడు ఏళ్ల తరబడి ఒకే గురువు కంటి ముందు పెరిగేవాడు, గురువుకు వాడి ఒంట్లో ప్రతి కీలూ తెలుసు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో కరణం మల్లేశ్వరికి నీలంశెట్టి అప్పన్న నేర్పింది ఆ పద్ధతిలోనే. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆమె ఎత్తిన 240 కిలోల కింద అలాంటి ఏళ్లున్నాయి. మూడు నెలల ప్యాకేజీ కట్టి వారానికి నాలుగు రోజులు వచ్చే నేటి క్లయింటుకు ఆ వెసులుబాటు లేదు. పైగా తాలింఖానాకు వచ్చినవాడు రోజూ పొలం పని చేసే కుర్రాడు. నేడు జిమ్ మెట్లెక్కేది రాత్రి షిఫ్టు చేసి నిద్ర చాలని నలభై అయిదేళ్ల ఆపరేటరు, రోజుకు పది గంటలు కుర్చీలో కూర్చునే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి.

ఈ తేడా చిన్నది కాదు. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియా వాళ్లకు తొలి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వచ్చినట్టు, మిగతావాళ్లకన్నా అయిదారేళ్లు ముందే వచ్చినట్టు తేలింది. అంటే మనవాళ్ల విషయంలో మొదటి డంబెల్ అందించే ముందే ట్రైనర్ అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. కెనడాలో తయారై ప్రపంచమంతా వాడుకలో ఉన్న ఏడు ప్రశ్నల పత్రం ఒకటుంది: గుండె జబ్బు ఉందని డాక్టరు చెప్పారా, శ్రమ చేస్తే ఛాతీలో నొప్పి వస్తుందా, కళ్లు తిరిగి పడ్డారా, బీపీ మందులు వాడుతున్నారా, ఇలాంటివే. నింపడానికి రెండు నిమిషాలు పట్టదు. చాలా జిమ్‌లలో దాని స్థానంలో ఉండేది రసీదు పుస్తకమే. సుగరుకు మందు వాడేవాడు పరగడుపున వచ్చి కళ్లు తిరిగి పడితే చాక్లెట్ ఇవ్వాలా, డాక్టరు దగ్గరికి పరుగెత్తాలా అన్నది కూడా చదువులో భాగమే.

సర్టిఫికెట్ ఉంటే చాలా మరి? చాలదు. 2011 జనవరిలో అయోవా విశ్వవిద్యాలయంలో 13 మంది అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లు రాబ్డోమయోలిసిస్‌తో ఆసుపత్రి పాలయ్యారు. సెలవుల తర్వాత వచ్చిన పిల్లల చేత, ఎత్తగల గరిష్ఠ బరువులో సగం పెట్టి, గడియారం చూస్తూ వంద స్క్వాట్లు చేయించారు. కండరాలు చితికి, వాటిలోని పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాల మీదికి వచ్చింది. మూత్రం కోకాకోలా రంగులో రావడం దాని గుర్తు. చేయించినవాళ్లు చదువు లేనివాళ్లు కారు. తెలిసినా, గట్టిపడాలి అన్న పంతం తెలివిని తొక్కేసింది. దగ్గరుండి చేయిస్తే జనం ఎక్కువ బరువు ఎత్తుతారని 2000లో వచ్చిన మరో అధ్యయనం కూడా చూపించింది. ట్రైనర్ రెండు వైపులా పదునున్న కత్తి అన్నమాట, బలాన్నీ పెంచగలడు, ప్రమాదాన్నీ పెంచగలడు. ఇక ఆదివారం ఒక్కరోజులో ఆన్‌లైన్‌లో సంపాదించే కాగితాల గురించి చెప్పేదేముంది. అంతమాత్రాన చదువు దండగ అనేస్తే, డ్రైవింగ్ లైసెన్సున్నవాళ్లూ గుద్దుతున్నారు కాబట్టి లైసెన్సే వద్దన్నట్టు ఉంటుంది.

ఖర్చు సంగతి మాత్రం కొట్టిపారేయలేను. పరవాడ లాంటి చోట నెలకు కొన్ని వందలు తీసుకునే జిమ్ యజమాని, డిగ్రీ ఉన్న ట్రైనర్‌ని ఎక్కణ్ణుంచి తెస్తాడు? రేపే లైసెన్సు చట్టం తెస్తే ఇలాంటి చిన్న జిమ్‌లే ముందు మూతపడతాయి, కుర్రాళ్లు యూట్యూబ్ చూసి మేడ మీద బరువులెత్తుతారు. అందుకే చట్టం కన్నా ముందు ట్రైనర్ చదువుకు డబ్బు దొరకాలి. ఊళ్లో ఉన్న కుర్రాడినే, ఏళ్ల అనుభవం ఉన్నవాడినే, ఒక గుర్తింపు పొందిన కోర్సుకు పంపితే అతని అనుభవం అప్పుడు అక్కరకొస్తుంది. పాటియాలా జాతీయ క్రీడా సంస్థ ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సులు నడుపుతోంది, ముందు చెప్పిన ఫిట్‌నెస్ కౌన్సిల్ కోర్సులూ ఉన్నాయి. వీటితోపాటు గుండె ఆగినవాడి ఛాతీ నొక్కి బతికించే సీపీఆర్ కూడా నేర్పించాలి.

అమెరికాలోని మన తెలుగు సంఘాల దాతలు ఏటా సొంతూళ్లకు జిమ్ సామాను పంపుతుంటారు. ట్రెడ్‌మిల్, బెంచ్, డంబెళ్లు దిగుతాయి, రిబ్బన్ కత్తిరిస్తారు, ఫొటో సంఘం సంచికలో వస్తుంది. ఈసారి పరవాడ వైపు ఏ ఊరికైనా సామాను పంపేటప్పుడు, ఆ లెక్కలో ఆ ఊరి ట్రైనర్ శిక్షణ ఫీజునూ, అతని ఏడాది జీతాన్నీ ఒక పద్దుగా రాయండి. బడ్జెట్ చాలకపోతే ట్రెడ్‌మిల్ ఒకటి తగ్గించండి.